నలభై గొడుగులు తిరిగి చూస్తాయి

బస్సులో కాలు మరిచిపోయిన మనిషి ఆ బస్సు ఎలా దిగాడు?

ఎన్నేళ్ళు ఆలోచించినా దీనికి జవాబు దొరకలేదు. గొడుగు మరిచిపోయాడంటే అర్థముంది. సంచీ అంటే అర్థముంది. పళ్ళసెట్టయినా సరే, ఆవలిస్తే జారిందేమో అని సరిపెట్టుకోవచ్చు. కానీ మోకాలి కింది నుంచి పాదం దాకా నున్నటి కర్రతో చేసిన కుడికాలు, దానికి నల్లబూటు, బూటుకు లేసు, లేసుకు రెండు ముడులు, అన్నీ సీటు కింద వదిలేసి ఒక మనిషి తన స్టాపులో తాను దిగిపోయాడు. డ్రైవరు చూడలేదు, కండక్టరు చూడలేదు. ఆ పూట దిగినవాళ్ళలో కుంటినవాళ్ళు లేరు, గెంతినవాళ్ళు అసలే లేరు.

ఆ కాలు చేరింది బస్సు డిపో నేలమాళిగలో ఉన్న పోయిన వస్తువుల గదికి. ఆ గదికి పెద్ద, తోక మాస్టారు. ఆయనలో చెప్పుకోవలసిన వింత ఒక్కటే. దేని పేరునూ ఒంటరిగా వదిలేవారు కాదు. పేరన్నాక వెనక తోక ఉండి తీరాలి.

"టీ చెప్పమ్మా, అంచు దాకా పొయ్యనిది, నిన్నటి మరక లేని గ్లాసులోది."

"తలుపు వెయ్యి, గాలికి సణిగేది."

"ఆ కండక్టరొచ్చాడా, ఈల లేనిదే గడప దాటనివాడు?"

మొదట్లో విన్నవాళ్ళు నవ్వేవారు. వారం తిరిగేసరికి వాళ్ళూ అలాగే మాట్లాడేవారు. ఆవలింతలాగా అంటుకునే జబ్బు అది.

మాస్టారు ముప్ఫయ్యేళ్ళు బళ్ళో ఇంగ్లీషు వ్యాకరణం చెప్పారు. అందులోనూ విశేషణ పదబంధాలంటే ప్రాణం. ఉద్యోగం మానిన రోజే ఇంటికెళ్తూ బస్సులో గొడుగు మరిచిపోయారు. మర్నాడు ఈ గదికొచ్చి అడిగితే అప్పటి గుమాస్తా రిజిస్టరు తిరగేసి, "గొడుగు, నల్లది. ఉంది" అన్నాడు. మాస్టారు సంతోషించారు. "మొత్తం నలభై ఉన్నాయి, చూసుకోండి" అన్నాడు గుమాస్తా. నలభైకి నలభై చీటీల మీదా అదే మాట: గొడుగు, నల్లది. మాస్టారి గొడుగు పిడికి ఎర్రదారం చుట్టి ఉంటుంది, వాళ్ళావిడ చుట్టింది. నలభై పిడులూ చూశారు. ఎర్రదారం లేదు. గొడుగు పోయినందుకు కాదు, ఆ చీటీ రాత చూసి ఆయనకు ఒళ్ళు మండింది. మూడు రోజులు వచ్చి పోట్లాడారు. డిపో మేనేజరు విసిగి, "అంత బాధైతే మీరే వచ్చి రాయండి" అన్నాడు.

"రాస్తాను. నా గొడుగు దొరికిందాకా రాస్తాను," అని మాస్టారు స్టూలు మీద కూర్చున్నారు. పదకొండేళ్ళు లేవలేదు.

*

ఒక వానాకాలం మధ్యాహ్నం ఆ గదికి కొత్త గుమాస్తా వచ్చింది. నలభై దాటిన మనిషి. అప్పటిదాకా అక్క ఇంట్లో, అక్క కుట్టే చొక్కాలకు గుండీలూ కాజాలూ కుట్టుకుంటూ ఉండేది. ఆమెకు రెండు భయాలు, దిగే మెట్లూ ఇంగ్లీషూ. ఈ ఉద్యోగంలో రెండూ ఉన్నాయి. గదికి పదహారు మెట్లు దిగాలి, దిగాక రిజిస్టరు ఇంగ్లీషులో రాయాలి. ఆరు నెలలు తాత్కాలికం. ఆ తరవాత హెడ్డాఫీసు నుంచి తనిఖీ అధికారి వచ్చి పరీక్ష పెడతాడు. నెగ్గితే ఉద్యోగం ఖాయం. లేదంటే మళ్ళీ అక్క మిషను పక్కన పీట. అక్క మంచిదే. కానీ ఆ పీట మీద ఇరవై రెండేళ్ళు కూర్చుంది. ఇంకో ఇరవై రెండేళ్ళు కూర్చుంటే పీటెవరో తానెవరో ఎవరికీ తెలియదని ఆమెకు లోలోపల దిగులు.

ఉద్యోగం ఉందని తెలియడమే వింతగా తెలిసింది. ఇంటికో కార్డు వచ్చింది. "పోయిన వస్తువుల గదిలో గుమాస్తా కావాలి. దరఖాస్తు పెట్టుకోండి." అంతే. రాసినవారి పేరు లేదు.

ఆ మెట్లు ఆమెకు కొత్తేమీ కాదు. ఏడాదిన్నర కిందట బస్సులో మఫ్లరు పోతే అడగడానికి అక్కడిదాకా వచ్చింది. కిందికి చూసి వెనక్కి తగ్గింది. పైన నిలబడే కేకేసి అడిగింది. మఫ్లరు ఎలా ఉంటుందో చెప్పింది. కింద ఏదో దబ్బున పడ్డ చప్పుడైంది. తరవాత చీకట్లోంచి ఒక గొంతు, "ఇంకా రాలేదమ్మా" అంది. చిరునామా రాసిన కాగితం మెట్ల మీద జారవిడిచి, వెనక్కి చూడకుండా వచ్చేసింది.

ఇప్పుడు దిగక తప్పదు. చెప్పులు చేత్తో పట్టుకుని, గోడ తడుముకుంటూ దిగుతోంది.

"ఎవరు?" అంది కింద నుంచి గొంతు.

"కొత్త గుమాస్తానండి."

"ఏ కొత్త గుమాస్తా?"

"నేనొక్కదాన్నే వచ్చానండి."

"ఒక్కరొచ్చినా తోక ఉండాలమ్మా. కొత్త గుమాస్తా, చెప్పులు చేతిలో ఉన్నది, మెట్లను లోపల లెక్కపెట్టుకుంటున్నది. ఇప్పుడు తెలిసింది ఎవరో. రా. పదకొండో మెట్టు మీద ఆగకు. అందరూ అక్కడే ఆగుతారు."

అప్పటికి ఆమె నిలబడి ఉన్నది పదకొండో మెట్టు మీదే. ధైర్యం చేసి కిందికి చూసింది. మాట్లాడిన మనిషి మెట్లకు వీపు పెట్టి కూర్చుని ఉన్నాడు.

గది పొడుగ్గా ఉంది. కప్పుకు ఒకే దీపం. అది వెలిగినంతసేపూ తేనెటీగలాగా రొద చేసేది. ఒక గోడకు పైన, చేతికందనంత ఎత్తులో అడ్డంగా సన్నటి కిటికీ. అది వీధి కాలిబాటకు సరిగ్గా సమానంగా ఉండేది కాబట్టి అందులోంచి పాదాలే కనబడేవి. మనుషులు లేని పాదాలు, వస్తూ, పోతూ, ఒక్కోసారి ఆగి లోపలికి చూస్తున్నట్టు నిలబడుతూ. అరల నిండా సంచులు, టోపీలు, ఒంటిజోళ్ళు. తన ఇష్టం వచ్చినప్పుడు తన ఇష్టం వచ్చినన్ని గంటలు కొట్టే గోడగడియారం. ఒక అరలో ఆ కాలు. పైన ఇనపకమ్మీకి తలకిందులుగా వేలాడుతూ, గబ్బిలాల్లాగా, మాస్టారు మళ్ళీ ముట్టుకోని ఆ నలభై నల్ల గొడుగులు.

"అబ్బో, ఎన్ని గొడు..."

"ష్!" మాస్టారు చెయ్యి ఎత్తారు. "ఊరికే పిలవకమ్మా. నలభై తిరిగి చూస్తాయి."

ఆమె గబుక్కున పైకి చూసింది. మెట్ల మీంచి గాలి దిగిందో ఏమో, నలభై గొడుగులూ కమ్మీ మీద ఒక్కసారి మెల్లగా అటు నుంచి ఇటు తిరిగాయి.

*

ఆ సాయంత్రం ఇంటికెళ్ళి చెప్తే అక్క మిషను ఆపేసింది.

"అది దెయ్యాల కొంపే. మానెయ్."

"మాస్టారు మంచాయన్లాగే ఉన్నాడక్కా."

"దెయ్యాలు మొదట అలాగే ఉంటాయి."

మానలేదు. మర్నాటి నుంచి పాఠం మొదలైంది. మాస్టారు ఒక గొడుగును వేలితో చూపించి రాయమన్నారు. ఆమె వణుకుతూ రాసింది: బ్లాక్ అంబ్రెల్లా.

"తప్పులేదు," అన్నారు మాస్టారు విచారంగా. "తప్పుంటే దిద్దేవాణ్ణి. ఒక్క మాట విశేషణం అద్దె చొక్కా లాంటిదమ్మా, ఎవరికైనా పడుతుంది. పదబంధం కొలిచి కుట్టిన చొక్కా. ఒక్క ఒంటికే పడుతుంది. నువ్వు కుట్టేదానివిగా, నీకు నేను చెప్పాలా?"

ఎవరూ ఆమెకు ఇంగ్లీషును అలా చెప్పలేదు. ఆమె పెన్సిలు చెవిలో దోపుకుని, గొడుగు దగ్గరికెళ్ళి మళ్ళీ చూసింది. "ఒక ఊచ విరిగిందండి."

"అంబ్రెల్లా విత్ ఎ బ్రోకెన్ రిబ్. చూశావా? మన మాటలో 'ఊచ విరిగిన గొడుగు' అంటాం. ముందు సామాను గుమ్మం దాటుతుంది, వెనక మనిషొస్తాడు. ఇంగ్లీషులో మనిషి ముందొస్తాడు, సామాను వెనక మోసుకొస్తారు. అదే మనిషి, అదే సామాను, గుమ్మం దగ్గర వరసే వేరు."

"అన్నిటికీ విత్ పెట్టేస్తే చాలాండీ?"

"దారం ఒక్కటే రంగులో ఉంటుందా? విత్ ఉంది, వితౌట్ ఉంది, ఆఫ్ ఉంది, ఇన్ ఉంది. ఫుల్ ఆఫ్ బటన్స్. అఫ్రెయిడ్ ఆఫ్ స్టెయిర్స్."

"అదేంటండీ చివరిది?"

"తరవాత తెలుస్తుందిలే. ఇంకోటి విను. పదబంధంలో క్రియ ఉండదు. ఈ గదిలోవాటికీ లేదు. రావు, పోవు, కదలవు. ఎవరో వచ్చి తీసుకెళ్ళిందాకా ఇలా ఉంటాయి, అంతే."

ఆ మాట అంటుండగా ఆమె చూపు కాలి మీద పడింది. పొద్దున బూటు ముక్కు గోడవైపు ఉంది. ఇప్పుడు తలుపువైపు ఉంది.

"మాస్టారూ, ఆ కాలు..."

"ఏ కాలు?" అన్నారాయన అలవాటుగా.

*

పరీక్ష ఎలా ఉంటుందో మాస్టారికి తెలుసు. అధికారి ఒక వస్తువు చూపిస్తాడు. గుమాస్తా దాని గురించి రాస్తుంది. తరవాత అధికారి ఆ రాత ఒక్కటే పట్టుకుని, మిగతావాటి మధ్య నుంచి ఆ వస్తువును వెతికి తీయగలగాలి. అందుకని ఈల కండక్టరును సాధనకు పెట్టుకున్నారు. ఆ మహానుభావుడు లోపలున్నవి పక్కకు తప్పుకుంటాయని గడప దగ్గర మూడుసార్లు ఈల ఊదిగానీ లోపలికి వచ్చేవాడు కాదు.

ఆమె రాసిచ్చిన కాగితం పట్టుకుని అతను అరల మధ్యకు వెళ్ళేవాడు. గోధుమరంగు సంచీ కోసం పంపితే బూడిదరంగు టోపీ తెచ్చేవాడు.

"ఇదేంటయ్యా?"

"చెయ్యి పెడితే ఇదే చేతిలోకి వచ్చిందమ్మా. నేను తియ్యలేదు."

"సంచీ అని రాశానుగా!"

"సంచులు ఇరవై ఉన్నాయి. టోపీ అయితే త్వరగా దొరికింది. ప్రాణాలతో బయటపడ్డం ముఖ్యం కదా."

రెండో నెలకు అడిగిన వస్తువు తేవడం మొదలుపెట్టాడు. మూడో నెలకు ఈల రెండుసార్లే ఊదాడు. ఆమె చీటీలు పనిచేస్తున్నాయనడానికి అదే నిదర్శనమన్నారు మాస్టారు.

కాలి చీటీ దగ్గర మాత్రం ఆమె ఒక తప్పు చేసింది. ఎంతకీ తెగక, ఇది తప్ప మరో దారి లేదని ఇంగ్లీషులో రాసింది: లెగ్ ఆఫ్ ఎ మ్యాన్ విత్ త్రీ ఫీట్. మూడు పాదాల మనిషి కాలు. ఒకటి మరిచిపోయినా రెండుంటాయి గనక దిగి నడిచిపోయాడు.

మాస్టారు ఎర్రసిరాతో కొట్టేశారు. "చూశావా ఆ మనిషిని?"

"లేదండి."

"చూసిందే రాయి. అనుకున్నది రాయకు."

మరి మాస్టారు మాత్రం చూసిందే రాస్తారా? అక్కడే ఆమెకు అనుమానం మొదలైంది. ఒకరోజు కొత్తగా వచ్చిన కళ్ళజోడు పెట్టెకు ఆయన చీటీ కట్టారు. ఆమె కూడబలుక్కుని చదివింది. కళ్ళజోడు పెట్టె, లవంగాల వాసనతో, పదకొండో మెట్టు మీద ఆయాసపడే పెద్దావిడది. ఏ పెద్దావిడ? ఎవరూ రాలేదే! నాలుగోరోజు మధ్యాహ్నం మెట్ల మీద కర్ర చప్పుడు. ఒకటి, రెండు, మూడు... పదకొండు. ఆగింది. పెద్దగా ఆయాసం. గడియారం ఊరికే రెండు కొట్టింది. ఒక పెద్దావిడ లోపలికొచ్చి, "నాయనా, నా కళ్ళజోడు పెట్టె, లవంగాల వాసనేస్తుంది..." అంది.

ఇంకోసారి, ఎడంచెయ్యి జేబులోంచి తియ్యనివాడి కేరేజీ అని రాశారు. వారంలో ఆ మనిషొచ్చాడు. కేరేజీ ఒంటిచేత్తో అందుకున్నాడు, ఒంటిచేత్తో దండం పెట్టాడు.

పైగా ఆ బూటు. గదిలో అన్నిటి మీదా దుమ్ము. ఆ బూటు మాత్రం ప్రతి సోమవారం పొద్దున ముఖం కనబడేట్టు మెరుస్తూ ఉండేది.

"రాజీనామా ఎలా రాయాలో చెప్పు," అంది అక్క.

"ఇంగ్లీషులోనా?"

"దెయ్యాలకు ఏ భాష వస్తే అందులో!"

*

పరీక్ష రేపనగా, అరల చివర వేలాడుతున్న పాత కోట్ల దుమ్ము దులుపుతూ ఆమె వాటిని పక్కకు జరిపింది. వెనక గోడకు ఒక వరస మేకులు. పన్నెండు. ఏ మేకుకూ వస్తువు లేదు. ప్రతి మేకుకూ చీటీ ఉంది. కొన్ని చీటీల మీద గీత కొట్టేసి ఉంది.

ఆర్నెల్ల కిందటైతే చదవలేకపోయేది. ఇప్పుడు చదవగలిగింది. చదవగలగడమే ముప్పయింది. కొట్టేసిన చీటీల్లో ఒకటి: పదకొండో మెట్టు మీద ఆయాసపడే పెద్దావిడ. ఇంకోటి: ఎడంచెయ్యి జేబులోని మనిషి. అంటే ఈ మేకులకు తగిలించింది వస్తువుల్ని కాదు, మనుషుల్ని.

తొమ్మిదో మేకు దగ్గర ఆమె చెయ్యి ఆగిపోయింది.

ఎ వుమన్ అఫ్రెయిడ్ ఆఫ్ స్టెయిర్స్, విత్ ఎ థ్రెడ్ ఆన్ హర్ హెమ్, ట్రూ టు ది లాస్ట్ స్టిచ్. మెట్లంటే భయమున్న స్త్రీ, బట్ట అంచున దారప్పోగుతో, ఆఖరి కుట్టు దాకా నిజాయితీ ఉన్నది. కింద తేదీ. ఆమె ఉద్యోగంలో చేరడానికి ఏడాదికి పైగా ముందుది.

దీపం రొద చేస్తోంది. కిటికీలో ఎవరివో పాదాలు ఆగి ఉన్నాయి. తన కోసం గోడకు ముందే మేకు కొట్టి పెట్టారు. ఆమె చెప్పులు చేతబట్టుకుని పదహారు మెట్లూ ఒక్క ఊపులో ఎక్కేసింది. ఎక్కే మెట్లంటే ఆమెకు భయం లేదు.

"చెప్పానా!" అంది అక్క. "రేపు వెళ్ళకు. పీట తుడిచి పెడతాను."

అక్క నిజంగానే తుడిచి పెట్టింది. తెల్లారి లేచి ఆమె ఆ పీట కేసి చాలాసేపు చూసింది. మధ్యలో కొంచెం పల్లం పడి ఉంది, ఆమె కొలతకు సరిగ్గా. తలుపు తీసుకుని డిపోకు బయల్దేరింది.

*

మాస్టారు స్టూలు మీద ఉన్నారు. పొద్దుటి టపాలో వచ్చిన కార్డొకటి రెండుసార్లు చదివి, మడిచి జేబులో పెట్టుకుంటున్నారు.

"నన్ను గోడకెందుకు తగిలించారు మాస్టారూ?"

ఆయన ఉలిక్కిపడ్డారు. బడిపిల్లాడు దొరికిపోయినట్టు చూశారు. "ఆ వెనక వరసా... అది రిజిస్టరులో లేదులే."

"నేను రాకముందే నా సంగతి మీకెలా తెలుసు?"

"రాకముందా? వచ్చావుగా! పైనుంచి కేకేశావు. మఫ్లరు, మూడో వరసలో ఒక కుట్టు జారినది, చివర పచ్చనూలు చాలక నీలం కలిపినది, ఒక మూల మీ అక్క కూతురు పళ్ళగాట్లున్నది. ముప్ఫయ్యేళ్ళు పాఠం చెప్పాను, ఒక్కరూ అలా చెప్పలేదు నాకు. తోక మీద తోక! నేను స్టూలు మీంచి లేవబోయి పడ్డాను కూడా. అంతకుముందే కిటికీలో నీ పాదాలు చూశాను. మూడుసార్లు మెట్ల దాకా వచ్చి మూడుసార్లు వెనక్కెళ్ళాయి. అంచున దారప్పోగు వేలాడుతోంది."

"ఆ గొంతు మీదేనా?"

"మరెవరిది? నీ మఫ్లరు రాలేదు. ఈ రోజుక్కూడా రాలేదు. వట్టి చేతులతో వెళ్ళడమంటే ఏంటో నాకు తెలుసమ్మా. అందుకని వట్టి చేతులతో వెళ్ళినవాళ్ళందరినీ అలా రాసి పెట్టుకుంటాను. వాళ్ళ వస్తువొస్తే కార్డు రాస్తాను, వస్తారు. వస్తువు రాకపోతే ఇంకేదైనా దొరుకుతుందేమో చూస్తాను. గుమాస్తా ఉద్యోగం ఖాళీ అయింది. నీకు రాశాను."

"మరి బూటు?"

"ఏ బూటు?"

"అదే మాస్టారూ, కాలిది, సోమవారం సోమవారం మెరిసేది. అదీ మీరేగా?"

మాస్టారు ముఖంలో రంగు తగ్గింది. "నువ్వు కాదూ? నువ్వే తుడుస్తున్నావనుకున్నానే!"

ఇద్దరూ కలిసి మెల్లగా ఆ అర వైపు తిరిగారు. గడియారం ఒకటి కొట్టి ఊరుకుంది.

మొదటి మేకు చీటీ కూడా ఆమె ఆ పొద్దుటే చదివింది. టీచర్ వితౌట్ ఎన్ అంబ్రెల్లా. గొడుగు లేని పంతులు. గొడుగు, పిడికి ఎర్రదారం చుట్టినది. సిరా వెలిసిపోయి ఉంది.

*

తనిఖీ అధికారి పొడుగు మనిషి. గుమ్మానికి తల కొట్టుకున్నాడు, ఎవరూ చూడలేదన్నట్టు నిలబడ్డాడు. పరీక్ష జరుగుతున్నంతసేపూ మాస్టారు నోరు మెదపకూడదన్నాడు. మాస్టారు స్టూలు గోడవైపు తిప్పుకుని కూర్చున్నారు. గడప అవతల ఈల కండక్టరు ఈల నోట్లో పెట్టుకుని, ఊదకుండా, చెమటలు కక్కుతూ నిలబడ్డాడు.

అధికారి చేతికర్ర ఎత్తి గదంతా చూపు తిప్పాడు. అన్నిటికన్నా కష్టమైనదేదో అతనికీ తెలుసు. కర్ర పైకి పోయింది. "ఆ నల్లవాటిలో ఒకటి. ఇది."

ఆమె దించుకుంది. పదకొండేళ్ళ దుమ్ము. మడత బాగుంది. ఊచలన్నీ ఉన్నాయి. బట్టకు చిరుగు లేదు. రాయడానికి ఏమీ లేదు. బ్లాక్ అంబ్రెల్లా, అంతే. పీట మధ్యలోని పల్లం కళ్ళముందు కదిలింది.

"ఐదు నిమిషాలు," అన్నాడు అధికారి.

ఆమె ఇంగ్లీషు ఆలోచించడం మానేసి, గుండీ కుట్టబోయే ముందు చొక్కాను తడిమినట్టు, కళ్ళు మూసుకుని పిడిని తడిమింది. బొటనవేలు ఆనేచోట అరిగిన గుంట. దాని కింద దారం. కళ్ళు తెరిచి చూస్తే టీ రంగులో ఉంది. వేలిగోటితో ఒక చుట్టు పక్కకు జరిపింది. ఎండ తగలని లోపలి చుట్టు ఎర్రగా ఉంది.

ఇరవై రెండేళ్ళు దారాలతో బతికిన మనిషి. ఎర్రదారం ఎండకు ఏ రంగు తిరుగుతుందో ఆమెకు ఒకరు చెప్పాలా? మాస్టారు ఆ గొడుగును ఏళ్ళతరబడి రోజూ చేత్తో పట్టుకున్నారు. రోజూ చేతిలో ఉన్నదాన్ని ఎవరు చూస్తారు? ఆవిడ చుట్టిన రోజున ఎర్రగా ఉంది, ఆయనకు ఎప్పటికీ ఎర్రగానే ఉంది. అందుకే నలభైలోనూ వెతికి, దీన్నీ చూసి, పక్కన పెట్టేశారు.

ఆమె చకచకా రాసి కాగితం ఇచ్చింది. అధికారిని బయటికి పంపి గొడుగులన్నీ కలిపి మళ్ళీ కమ్మీకి తగిలించింది. అతను లోపలికొచ్చి, కాగితం వెలుతురుకు పట్టుకుని, పైకే చదివాడు:

"ఎన్ అంబ్రెల్లా విత్ ఎ హాలో ఫర్ ది థంబ్, విత్ థ్రెడ్ ఆఫ్ ది కలర్ ఆఫ్ టీ రౌండ్ ఇట్స్ హ్యాండిల్, వన్స్ రెడ్."

బొటనవేలికి గుంట ఉన్న గొడుగు, పిడి చుట్టూ టీ రంగు దారంతో, ఒకప్పుడు ఎర్రనిది. గోడవైపు కూర్చున్న మాస్టారు లేచి నిలబడ్డారు.

"మాట్లాడకూడదు!" అన్నాడు అధికారి. కమ్మీ వెంట పిడులు తడుముతూ వెళ్ళాడు. ఏడు, ఎనిమిది, తొమ్మిది. పంతొమ్మిదో దాని దగ్గర అతని బొటనవేలు గుంటలో దిగింది. తీసి చూపించాడు.

మాస్టారు దాన్నే చూస్తున్నారు. పెదాలు కదిలాయి. ఆర్నెల్లలో ఆమె మొట్టమొదటిసారి విన్నది, పదకొండేళ్ళలో ఆ గది మొట్టమొదటిసారి విన్నది.

"గొడుగు," అన్నారు మాస్టారు. ముందూ వెనకా ఏమీ లేదు.

గదిలో గాలి కదలలేదు. కమ్మీ మీది ముప్ఫై తొమ్మిదిలో ఒక్కటీ తిరిగి చూడలేదు. అధికారి చేతిలోది మాత్రం, అతను వేలెక్కడ వేశాడో ఏమో, టప్పుమని దానంతటది విచ్చుకుంది. కండక్టరు నోట్లో ఈల దానంతటదే మోగింది.

"నెగ్గావు," అన్నాడు అధికారి చాలా త్వరగా. "కాగితాలు పైన సంతకం చేద్దాం. పైన."

*

సంతకాలయ్యేసరికి అరగంట పట్టింది. ఆమె మెట్లు దిగి వచ్చింది. దిగాక చూసుకుంటే చెప్పులు చేతిలో లేవు, కాళ్ళకే ఉన్నాయి.

"మాస్టారూ! ఖాయమైంది, సంతకంతో, సీలుతో..."

స్టూలు ఖాళీగా ఉంది. కమ్మీ మీద పంతొమ్మిదో చోటు ఖాళీగా ఉంది. పాత కోట్లు జరిపి చూసింది. మొదటి మేకు చీటీ లేదు. తొమ్మిదోది ఉంది. దాని మీద ఎర్రసిరాతో శుభ్రంగా గీత కొట్టేసి ఉంది. "పదకొండేళ్ళుగా మా ఇంటావిడ ఎర్రదారం చుట్టిన గొడుగేదీ అని అడుగుతోందమ్మా," అని ఆయన రోజుకోసారి అనేవారు. దొరికిందాకా రాస్తానన్నారు. దొరికింది.

అప్పుడు చూసింది. కాలున్న అర కూడా ఖాళీ. దుమ్ములో దాని ఆకారం మాత్రం ఉంది.

బల్ల మీద రిజిస్టరు తెరిచి ఉంది. ఆ పక్కనే పొద్దుట వచ్చిన కార్డు, ఈసారి మడత విప్పి. అందులో ఒక చిరునామా, ఒకే వాక్యం: "కాలు నాదే, బూటు లేసుకు రెండు ముడులుంటాయి, నేను రాలేను." రిజిస్టరులో కాలు అన్న వరసలో, యజమానికి చేరవేయుటకు అని మాస్టారి చేతిరాత. దాని పక్కన, తీసుకెళ్ళినవారి వివరం రాయాల్సిన గడి ఖాళీగా వదిలేశారు. అది గుమాస్తా నింపాలి. ఆమె ఇప్పుడు ఖాయపు గుమాస్తా.

పెన్ను తీసుకుంది. పైన వాన మొదలైంది. ఏమని రాయాలి? పొట్టివాడు, పెద్దవాడు, మంచివాడు. అన్నీ అద్దె చొక్కాలు.

కిటికీలో వెలుతురు మారింది. తలెత్తింది. కాలిబాట మీద పాదాలు నడుచుకుంటూ వస్తున్నాయి. మడమ దగ్గర అతుకేసిన గోధుమరంగు చెప్పులు, ఆమెకు బాగా తెలిసినవి, మాస్టారివి. వాటి పక్కన తడి నేల మీద గొడుగు నీడ. ఆ రెండు పాదాలకూ కొంచెం పైన, చంకలోంచి వేలాడుతూ, వానలో కూడా మెరుస్తూ, ఒక నల్లబూటు. మూడు పాదాలూ ఒకే నడకలో కదులుతున్నాయి.

ఆమె పిలవలేదు. పిలిస్తే తోక పెట్టి పిలవాలి, అంత గొంతు లేదు. నవ్వు వస్తోంది.

చూసిందే రాయమన్నారుగా. ఖాళీగడిలో, ఒక్క అక్షరం కూడా వణక్కుండా రాసింది: ఎ మ్యాన్ విత్ త్రీ ఫీట్.

మళ్ళీ తలెత్తేసరికి కిటికీలో వాన మాత్రమే ఉంది.